తాడు పట్టే మనిషి

ఆ నవల వచ్చిన దగ్గర్నుంచీ పోర్ట్ ఎరిక్‌లో విమర్శకుడు కానివాడు లేడు. చేపల ధరలూ చావు ప్రకటనలూ తప్ప జన్మలో ఏదీ చదవనివాళ్ళు కూడా రొట్టెల కొట్టు ముందు వరసలో నిలబడి పాత్రపోషణ గురించి మాట్లాడుతున్నారు. "మొదటి శవం దొరికేసరికి నాకు రెండు కునుకులు పట్టాయి" అని ఒకావిడ. "బూతులు కాస్త ఎక్కువే గానీ, వల చిక్కుపడ్డప్పుడు మా ఆయన తిట్టే తిట్ల ముందు అవేపాటిలే" అని ఇంకొకావిడ. పాదిరిగారు భాష నీచంగా ఉందనీ, పాపం గురించి చెప్పింది మాత్రం సరిగ్గానే ఉందనీ తీర్పు చెప్పి, పుస్తకాన్ని లైబ్రరీకి తిరిగివ్వకుండా ఇంకో వారం తన దగ్గరే ఉంచుకున్నారు.

రాసినవాడు పరాయివాడేం కాదు. ఒకప్పుడు ఈ ఊరి స్టేషన్లో రెండు చలికాలాలు కానిస్టేబులుగా పనిచేసి, సముద్రపు గాలికి తట్టుకోలేక గ్లాస్గో పారిపోయిన కుర్రాడు. నవల పేరు 'ఎనిమిదో తాడు'. ఊరు పేరు మార్చాడు గానీ రేవూ, గుడి గడియారం ఎప్పుడూ పావుగంట వెనక నడవడం, మాంసం కొట్టు ముందున్న గుంట, అన్నీ ఉన్నవున్నట్టు దింపేశాడు. చచ్చినవాణ్ణి చేపలు పొగబెట్టే కొట్టంలో హడాక్ చేపల మధ్య వేలాడదీస్తే మూడు రోజులు ఎవరూ గమనించరు. నాలుగో రోజు ఒక ముసలావిడ "ఆ చివరిది తూచి ఇవ్వబ్బాయ్" అంటుంది. అలాంటి నవల అది.

అయితే ఊరు పగలబడి నవ్వింది హత్యలకు కాదు, కానిస్టేబుల్ డఫ్‌కి. మనిషి తలుపంత ఉంటాడు. జీపులో కూర్చుని వెన్నరొట్టెలు తింటూ ఆ పొడంతా కేసు రుజువుల మీద రాలుస్తాడు. ఊళ్ళో ఎవరైనా దిక్కులేని చావు చస్తే నల్ల టై కట్టుకుని శ్మశానానికి పోయి తాడు పట్టుకుంటాడు. ఈ తీరంలో శవపేటికను గోతిలోకి దించేది అయినవాళ్ళే. ఎనిమిది తాళ్ళు, ఎనిమిది మంది. తల దగ్గర తాడు పెద్దకొడుకుది. తనకు తాడు ఇవ్వలేదని అన్న గడప తొక్కని తమ్ముళ్ళు ఈ ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి తాడును ముక్కూమొహం తెలియనివాడి కోసం పట్టుకుని, తడి గడ్డి మీద కాలు జారి, డఫ్ బొక్కబోర్లా గోతిలో పెట్టె మీద పడతాడు. లేచి నిలబడి, టోపీ తీసి, "క్షమించండి సార్" అంటాడు పెట్టెతో. ఆ పేజీ దగ్గర లైబ్రరీ పుస్తకం దానంతటదే తెరుచుకునేది.

డఫ్ ఎవరో కనిపెట్టడానికి పోలీసు బుర్ర అక్కర్లేదు. ఆర్చీ స్లేటర్ కానిస్టేబులు ఉద్యోగమంతా ఇక్కడే చేసి, ఇక్కడే రిటైరయ్యాడు. రిటైరయ్యాక కూడా అనాథ శవం ఉందంటే శవపేటికల శాండీ లేయింగ్ ఫోన్ చేసేది అతనికే.

ఆర్చీ భార్య నెట్టా, డాక్టరు గారి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు కూర్చున్న మనిషి. ఎవరికి మూలశంక, ఎవరికి మతిమరుపు, ఎవరి కడుపు ఎవరివల్ల వచ్చింది, అన్నీ తెలిసి ఏనాడూ పెదవి విప్పలేదు. ఊళ్ళో ఆమెకున్న గౌరవమల్లా అదే. ఆ గౌరవంతోనే లైబ్రరీ వెనక గదిలో గురువారం మధ్యాహ్నాలు జరిగే పుస్తకాల సభలో ఆమెకి కుర్చీ దొరికింది. అక్కడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఐలీన్ గెడ్డెస్ ఉంటుంది, బ్యాంకు మేనేజరు చేసిన ఫోర్బ్స్ గారుంటారు. కానిస్టేబుల్ పెళ్ళాం వాళ్ళ మధ్య కూర్చోవడమంటే నెట్టాకి చిన్న విషయం కాదు.

నవల వచ్చాక మొదటి దెబ్బ మాంసం కొట్లో తగిలింది. కొట్టు యజమానురాలు బంటీ కౌవీ, చిన్నప్పట్నుంచీ నెట్టాతో చదువుకున్నదే, కత్తి నూరుతూ "ఏమే నెట్టా, డఫ్ గారికి ఎన్ని సాసేజీలు కట్టమంటావ్?" అంది. వెనక వరసంతా కిసుక్కుమంది. నెట్టా చిల్లర కూడా తీసుకోకుండా బయటికొచ్చేసింది. ఆనాటి నుంచి వీధిలో ఎవరు నవ్వినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయ్యేది ఆమె పని. ఇన్నేళ్ళూ కనబడనివి మొగుడిలో కనబడడం మొదలైంది. ఆ బూట్లు పడవల్లా ఉన్నాయి. రొట్టె తింటే చొక్కా మీద రాలుస్తాడు. నడుస్తుంటే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఊగుతాయి. బజార్లో అతనికంటే కాస్త ముందు నడవడం అలవాటు చేసుకుంది. ఆర్చీ తెలిసీ తెలియనట్టు తన నడక తగ్గించుకున్నాడు.

ఆ నెల పుస్తకాల సభకి 'ఎనిమిదో తాడు'నే ఎంచుకున్నారు. ఒంట్లో బాగాలేదని మానేద్దామనుకుంది నెట్టా. మానేస్తే ఎందుకు మానేసిందో అందరికీ తెలిసిపోతుందని వెళ్ళింది. ఎప్పటిలాగే ఆర్చీ కార్లో దింపాడు. ఎప్పటిలాగే పక్క గదిలో టీ కాచే పని తనే నెత్తినేసుకున్నాడు, ఆ నీళ్ళ పాత్ర ఎత్తడం ఆడవాళ్ళ వల్ల కాదని.

"రచనలో పట్టుంది, కాదనను" అని మొదలుపెట్టింది ఐలీన్. ఆవిడ ఇన్వర్‌నెస్ వైపు నుంచి వచ్చి రెండేళ్ళే అయింది. "కానీ ఆ డఫ్ పాత్రే నమ్మబుద్ధి కావట్లేదు. ఎవడో దిక్కూమొక్కూ లేనివాడు పోతే పని మానుకుని వెళ్ళి తాడు పట్టే పోలీసు ఎక్కడుంటాడండీ? నవ్వు కోసం మరీ సాగదీశాడు."

"హంతకుడెవరో నాకు సగంలోనే తెలిసిపోయింది" అన్నారు ఫోర్బ్స్ గారు. ఆయనకు ప్రతి నవలలోనూ సగంలోనే తెలిసిపోతుంది. "కానీ గోతిలో పడ్డ ఘట్టం ఉంది చూశారూ, కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సొచ్చింది. మా ఆవిడ పై గదిలోంచి అరిచింది, ఏమైందని."

ఆ సభకి మాంసం కొట్టు బంటీ కూడా వచ్చేది, ఆమెకి కడుపులో మాట ఆగదు. "నమ్మబుద్ధి కాకపోవడమేంటండీ ఐలీన్ గారూ! డఫ్‌కి రోజూ బంగాళాదుంపలు వండిపెట్టే మనిషి మీ పక్కనే కూర్చునుంటే!"

గదిలో అందరి కళ్ళూ నెట్టా మీదికి తిరిగాయి. ఐలీన్ మొహం కందగడ్డయింది. "అయ్యో నెట్టా, నాకు తెలీదమ్మా, నిజంగా తెలీదు."

నెట్టా నోటిదాకా ఒక మాట వచ్చింది. 'అవును, మా ఆయనే. అందులో నవ్వడానికేముంది?' అంతే. ఆ ఒక్క మాట అని ఉంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది. కానీ ఐలీన్ చూపులో జాలి కనబడింది, బంటీ పెదవి చివర నవ్వు కాచుకుని కూర్చుంది. ఆ రెంటినీ ఒకేసారి భరించడం ఆమె వల్ల కాలేదు. నవ్వులపాలు కావడం కంటే నవ్వించడం మేలనిపించింది.

"గోతిలో పడ్డదాకానే మీరు చదివారు" అంది, కుర్చీలో ముందుకి జరిగి. "ఇంటికొచ్చాక జరిగింది పాపం ఆ కుర్రాడికి తెలీదుగా! మోకాళ్ళదాకా బురద. వంటింట్లో కుర్చీలో కూలబడి, ఇంత మనిషీ దూడలా ఏడుపు. ఏంటయ్యా, దెబ్బ తగిలిందా అంటే కాదట." ఇక్కడ గొంతు బొంగురు చేసి, ఆర్చీలాగే ఒక్కో మాటా ఆపి ఆపి పలికింది. "'ఆ మనిషి కోసం ఊరు మొత్తం మీద వచ్చింది నేనొక్కణ్ణే, నెట్టా. ఆ ఒక్కణ్ణీ వచ్చి, ఆయన్ని తొక్కాను.'"

గదంతా గొల్లున నవ్వింది. బంటీ బల్ల మీద చరిచింది. ఫోర్బ్స్ గారు మళ్ళీ కళ్ళజోడు తీశారు. వద్దు వద్దనుకుంటూనే ఐలీన్ కూడా రుమాలు అడ్డం పెట్టుకుంది. నెట్టా జన్మలో అంత నవ్వు పుట్టించి ఎరగదు. నిజం చెప్పాలంటే, ఆ కాసేపూ ఆమెకి హాయిగానే ఉంది.

అప్పుడు తలుపు దగ్గర ఆర్చీ కనబడ్డాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నిండు కప్పులు. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలియదు. టీ మీద ఆవిరి లేదు.

నవ్వు ఎవరో గొంతు నులిమినట్టు ఆగిపోయింది. ఆర్చీ లోపలికొచ్చి పళ్ళెం బల్ల మీద పెట్టాడు. "పెట్టెలో ఉన్నాయన మాత్రం ఏమీ అనుకోలేదులెండి" అన్నాడు అందరికేసీ చూసి. "ఇప్పటిదాకా స్టేషనుకి ఫిర్యాదేమీ రాలేదు. పంచదార ఎవరెవరికి?"

జనం బతికిపోయినట్టు మళ్ళీ నవ్వారు. ఫోర్బ్స్ గారు అతని భుజం తట్టి "భలేవాడివయ్యా స్లేటర్" అన్నారు. ఆర్చీ భార్య కప్పులో పాలు ఆమెకి కావలసినంతే పోసి, కప్పు చెవి ఆమె కుడిచేతి వైపుకి తిప్పి పెట్టాడు. నెట్టాకి తలకొట్టేసినట్టయింది. నవ్వు నాలుగు విధాల చేటని అందరూ అనేదే. ఆమె ఆ టీ తాగలేకపోయింది, వదిలేయనూలేకపోయింది.

తిరుగు దారిలో కారు రేవు మలుపు తిరిగింది.

"ఆర్చీ, ఆ బంటీ ఉంది చూశావూ, దాని నోరు..."

"బంటీ కాదుగా చెప్పింది" అన్నాడతను. కోపంగా కాదు. దారి మీదే చూస్తూ అన్నాడు.

"ఇవాళ ఒక్కరోజు సంగతా ఇది? నెలరోజుల్నుంచీ ఊరంతా నవ్వుతోంది. ఆ పుస్తకం రాసినవాణ్ణి అనాలి."

"నేను చదివాను. బాగా రాశాడు వాడు. రెండుసార్లు చదివాను."

నెట్టా అతనికేసి తిరిగింది. అతను చదవలేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇంట్లో పుస్తకాన్ని దిండు కింద దాచింది.

"పడ్డానని రాశాడు. పడ్డాను, నిజమే. డ్యూటీ మీద వచ్చి పక్కనే ఉన్నాడు, చూశాడు, నవ్వొచ్చింది, రాశాడు. వాడి మీద నాకేం లేదు." ఇంటి ముందు కారాపి, తాళం తీసి, చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. "వంటింట్లో నీతో అన్న మాట పుస్తకంలో లేదు నెట్టా. వాడికి తెలీదు. ఆ మాట నీకొక్కదానికే తెలుసు."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ రెండూ ఒకే ఇంట్లో జరిగాయి. జారిన కాలు గురించి నవల వచ్చింది. జారిన నోటికి శిక్ష ఏమిటో నెట్టాకి ఆ తరవాతి వారాల్లో తెలిసొచ్చింది. ఆర్చీ అరవలేదు, అలగలేదు. టీ ఇస్తే "థాంక్స్ నెట్టా" అన్నాడు, కంచం పెడితే "థాంక్స్ నెట్టా" అన్నాడు, హోటల్లో వడ్డించే పిల్లతో అన్నట్టు. కాకపోతే చెప్పడం మానేశాడు. పెళ్ళయిన నాటినుంచీ రోజూ భోజనం దగ్గర ఆ రోజు చూసిందీ విన్నదీ, నవ్వొచ్చిందీ ఏడుపొచ్చిందీ ఆమెకి చెప్పుకునేవాడు. ఇప్పుడు వాన గురించి చెబుతున్నాడు. ఉల్లిపాయల మొలకల గురించి చెబుతున్నాడు. తన లోపలి మనిషిని మాత్రం ఆమె ఎదుట పెట్టడం లేదు. ఆ మనిషిని మళ్ళీ చూడగలనా అని నెట్టాకి భయం పట్టుకుంది.

మార్చిలో ఒక పొద్దున శాండీ లేయింగ్ ఫోన్ చేశాడు. నెట్టా గిన్నెలు కడుగుతూ ఇటువైపు మాటలే వింది.

"ఊఁ... ఎక్కడ, పాత పడవసామాన్ల కొట్టు మీద గదిలోనా?... ఎవరూ లేరా... లేదు శాండీ, నేను రాలేను. మోకాలు బాగాలేదు."

మోకాలికేం రోగం! ఆ పొద్దున్నే పెరడంతా తవ్వాడు.

"వెళ్ళు ఆర్చీ" అంది నెట్టా, చేతులు తుడుచుకుంటూ. "నాకోసమని మానకు."

"నీకోసం కాదే." కుర్చీలో కూర్చుని తన పెద్ద చేతులు చూసుకున్నాడు. "అక్కడ నిలబడితే ఆ నవ్వు వినబడుతుంది నాకు. చచ్చిపోయినవాడి ముందు అది చెవిలో పెట్టుకుని నిలబడకూడదు. ఆయనకి మర్యాద కాదు."

నెట్టా తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది. ఒక మనిషి జీవితాంతం చేసిన మంచిపని ఒక్కటుంటే, దాన్ని కాస్తా టీ కప్పుల మధ్య తను తుంచేసింది. ఈ తీరంలో ఆడవాళ్ళు గోతి దాకా వెళ్ళడమే మొన్నమొన్నటి సంగతి. వాళ్ళు ఇంట్లో ఉండి, మగవాళ్ళు తిరిగొచ్చేసరికి మాంసం కూరిన రొట్టెలు వేడిచేసి పెట్టేవాళ్ళు. అయినా నెట్టా నల్ల కోటు తీసింది. ఆర్చీకి చెప్పకుండానే బుధవారం శ్మశానానికి వెళ్ళింది.

గాలి సముద్రం మీంచి అడ్డంగా కొడుతోంది. శాండీ, అతని మనుషులు నలుగురు, పాదిరిగారు, అంతే, ఎనిమిది తాళ్ళకి సరిపడా మనుషులే లేరు. శాండీ ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు గానీ ఏమీ అడగలేదు. "తల దగ్గర తాడు ఆర్చీది" అని ఆ తాడు ఆమె చేతిలో పెట్టాడు.

పాదిరిగారు ఏవో చదివారు. నెట్టాకి ఒక్క ముక్క చెవిన పడలేదు. చేతిలో తాడు జారకూడదు, కాలు జారకూడదు, ఇది చేశానని తెలిస్తే ఆర్చీ ఏమంటాడో, ఆ పాత ఆర్చీ తిరిగొస్తాడా, ఇదే ఆమె మనసులో. పెట్టె దిగడం మొదలయ్యాక బరువు చేతుల్ని లాగేసింది. ఆమె గబుక్కున జానెడు తాడు వదలడంతో తల వైపు కిందికి ఒరిగి, పెట్టె గోతి గోడకి దబ్బున తగిలింది. "మెల్లిగా, నెట్టమ్మా, మెల్లిగా" అన్నాడు శాండీ. ఎవరూ నవ్వలేదు. అడుగు తగిలాక అందరితోపాటు తనూ తాడు కొస గోతిలోకి వదిలేసింది.

హమ్మయ్య అయిపోయిందనుకుంది. అంతా ఆమెకేసే చూస్తున్నారు.

"తాడు వదిలాక ఆర్చీ పేరుపెట్టి పిలుస్తాడు" అన్నాడు శాండీ, టోపీ చేత్తో పట్టుకుని. "ఫలానా అయ్యా, నీకోసం వచ్చాను అంటాడు. ఎప్పుడూ అంటాడు. మీరంటారా?"

నెట్టా నోరు తెరిచింది. లోపల పేరు లేదు. వచ్చేముందు అడగలేదు. పాదిరిగారు చదివింది వినలేదు. మూత మీద ఇత్తడి రేకుపై చెక్కిన పేరు తన కళ్ళ కిందనుంచే గోతిలోకి దిగిపోయింది. పుస్తకాల సభలో అభిప్రాయాలు చెప్పే మనిషి, ఆ రెండు మాటలు చదవలేదు. తను వచ్చింది చచ్చిపోయినవాడి కోసం కాదని, తన తప్పు తను కడుక్కోవడానికని, అక్కడ నిలబడ్డ ఆరుగురికీ తెలిసిపోతుంది. భూమి తెరుచుకునే ఉంది, అందులోకి దూకుదామన్నా ముందే ఒకడున్నాడు.

"ఈయన... పేరేంటి శాండీ?"

శాండీ తన బూట్లకేసి చూసుకున్నాడు. "వాల్దిస్ ఓజోల్స్. లాత్వియా నుంచి వచ్చినవాడు. చేపలు కోసే షెడ్డులో పనిచేసేవాడు."

"వాల్దిస్ ఓజోల్స్ గారూ" అంది నెట్టా. "మీకోసం వచ్చాను." గోతి అంచున నిలబడి చెప్పిన అబద్ధం అది. చెప్పినామెకీ తెలుసు, విన్నవాళ్ళకీ తెలుసు.

ఇంటికొచ్చేసరికి ఆర్చీ వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. ఆమె బూట్ల మట్టి చూశాడు, నల్ల కోటు చూశాడు, ఎక్కడికెళ్ళావని అడగలేదు. నెట్టా కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. దాచుకుందామనుకుంది గానీ అదంతా ఏడుపుతోబాటు బయటికి వచ్చేసింది. తాడు వదిలేయడం, పెట్టె ఒరగడం, అందరూ చూస్తుండగా పేరు అడగడం, ఆఖరికి ఆ అబద్ధం.

"నవ్వు ఆర్చీ" అంది ముక్కు చీదుకుంటూ. "నవ్వొచ్చే సంగతే. ఒక్కదాన్ని వెళ్ళాను, ఎవరి చావుకెళ్ళానో నాకే తెలీదు. నవ్వు."

ఆర్చీ నవ్వలేదు. కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. తాడు ఒరుసుకుపోయిన చోట అరచెయ్యి ఎర్రగా ఉంది.

"ఈ సంగతి నేనెవరికీ చెప్పన్లే, నెట్టా" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏ కోశానా లేదు. ఉంటే బాగుండేదనుకుంటూ నెట్టా తల దించుకుంది.